వస్తువు వల్ల ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదో తేల్చడం ఎలా?

"ఛార్జింగ్‌లో పెట్టిన స్కూటర్ బ్యాటరీ కాలిపోయింది. తప్పు వాడిన మాదేనని కంపెనీ అంటోంది. నిజమేనా?" పాఠకుల నుంచి వచ్చే ఉత్తరాల్లో వస్తువు మారుతుంది, గాయం మారుతుంది, ప్రశ్న మాత్రం మారదు. కంపెనీ జవాబు కూడా మారదు: "వాడకంలో లోపం." ఆ జవాబు కొన్నిసార్లు నిజమే. చాలాసార్లు అది ఎవరూ ఏదీ పరిశీలించకముందే చెప్పేసిన తీర్పు. ఏది ఏదో తెలుసుకునే పద్ధతిని ఇక్కడ వరుసగా చెబుతున్నాను. లాయరును, నిపుణుణ్ని కలవాల్సి వస్తే కలవండి. కానీ వాళ్ల దగ్గరికి వెళ్లేలోపు మీరు మాత్రమే చేయగలిగిన పని కొంత ఉంది. అది అప్పుడు జారిపోతే తర్వాత ఎవరి చేతా కాదు.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి గుర్తుంచుకోండి. నేరం చేసిన మనిషిని పట్టుకోవడం ఒక పని, ప్రమాదానికి జవాబు చెప్పాల్సిన సంస్థను గుర్తించడం ఇంకో పని. 1982లో అమెరికాలోని షికాగో ప్రాంతంలో టైలెనాల్ అనే నొప్పి మందు క్యాప్సూళ్లలో ఎవరో సయనైడ్ కలిపారు. ఏడుగురు చనిపోయారు. ఆ హత్యలకు ఇంతవరకు ఎవరికీ శిక్ష పడలేదు. విషం కలిపింది తయారీదారు కాదు. అయినా ఆ కంపెనీ సుమారు 3.1 కోట్ల సీసాలను మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించింది. ఎవరైనా తెరిస్తే తెలిసిపోయేలా మందుల ప్యాకింగ్ ఉండాలని ప్రభుత్వం నిబంధన తెచ్చింది. సీసాను ఎవరైనా తెరిచి మళ్లీ మూసిపెట్టగలిగే పరిస్థితిని మార్చగలిగినవాడు తయారీదారే కాబట్టి ఆ బరువు అతని మీదే పడింది. కింది దశలన్నిటిలోనూ మీరు వెతకాల్సింది దీన్నే: ఈ ప్రమాదాన్ని ముందే, తక్కువ శ్రమతో, అందరికీ ఒకేసారి ఆపగలిగే స్థానంలో ఎవరున్నారు?

దగ్గర ఉండాల్సినవి

- ప్రమాదానికి కారణమైన వస్తువు, దాని ముక్కలు, దానితోపాటు వాడిన ఛార్జర్, తీగ, ప్లగ్గు అన్నీ
- పెట్టె, వాడుక సూచనల పుస్తకం, వారంటీ కార్డు
- బిల్లు. అది లేకపోతే బ్యాంకు చెల్లింపు వివరమో, ఆర్డర్ సందేశమో
- మోడల్ పేరు, సీరియల్ నంబర్, బ్యాచ్ నంబర్ ఉన్న లేబుల్ ఫొటో
- ప్రకటనల, ఆన్‌లైన్ వివరణల స్క్రీన్‌షాట్లు. ఇవి మొదటి రోజే తీసుకోండి, ప్రమాదం తర్వాత ఆ పేజీలు మారిపోవచ్చు
- వైద్య పత్రాలు, అగ్నిమాపక శాఖ లేదా పోలీసుల నివేదిక
- మరమ్మతు చేయించి ఉంటే ఆ రసీదులు

కొన్నది మీరే కాకపోయినా ఆగిపోకండి. కొన్నవారి అనుమతితో వస్తువును వాడుతున్నవారిని కూడా భారత చట్టం వినియోగదారులుగానే చూస్తుంది.

1. వస్తువును ఉన్నదున్నట్టు ఉంచండి

ముందు ప్రాణం, తర్వాతే సాక్ష్యం. విద్యుత్ ఆపండి, గాయపడినవారికి చికిత్స చేయించండి. ఆ తర్వాత వస్తువును తుడవకండి, విప్పకండి, "ఇంకా పనిచేస్తుందేమో" అని మళ్లీ ఆన్ చేయకండి. ఆ ఒక్క మీట నొక్కడంతో ప్రమాదానికి ముందు ఉన్న స్థితికీ తర్వాత వచ్చిన స్థితికీ తేడా చెరిగిపోతుంది.

ఫొటోలు దూరం నుంచి తీయండి, దగ్గర నుంచి తీయండి. కొలత తెలిసేలా పక్కన స్కేలు పెట్టండి. గోడ మీది మసి, నేల మీద ముక్కలు పడిన చోటు, ప్లగ్గు పెట్టిన సాకెట్ కూడా ఫొటోల్లో ఉండాలి.

హెచ్చరిక: లిథియం బ్యాటరీ కాలి చల్లారినట్టు కనిపించినా గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత మళ్లీ అంటుకోవచ్చు. సాక్ష్యం కదా అని ఇంట్లో దాచకండి. అగ్నిమాపక సిబ్బంది సలహా అడిగి ఆరుబయట, కాలే వస్తువులకు దూరంగా ఉంచండి.

కంపెనీ ప్రతినిధి మర్యాదగా వచ్చి "పరీక్షకు తీసుకెళ్తాం" అనవచ్చు. రాతలో ఏమీ లేకుండా ఇవ్వకండి. వస్తువు ఏ స్థితిలో ఉంది, ఏ పరీక్ష చేస్తారు, ఎవరి సమక్షంలో చేస్తారు, ఎప్పుడు తిరిగి ఇస్తారు అనేవి రసీదులో ఉండాలి. కోసి చూసే పరీక్ష ఒక్కసారే సాధ్యం. అది ఇరుపక్షాల మనుషులూ ఉన్నప్పుడే జరగాలని రాయించుకోండి.

వస్తువు పూర్తిగా బూడిదైపోతే? అదే మోడల్, వీలైతే అదే బ్యాచ్‌కు చెందిన మరొకటి దొరుకుతుందేమో చూడండి. డిజైన్‌లోనే లోపం ఉంటే అది కాలని వస్తువులోనూ ఉంటుంది.

2. ఏం జరిగిందో మాత్రమే రాయండి

ఒక కాగితం మీద గంటల వారీగా రాయండి. ఎందుకు జరిగిందో ఇప్పుడే రాయవద్దు. "నిర్లక్ష్యంగా", "తప్పుగా", "నాసిరకం" వంటి మాటలు ఈ కాగితంలో ఉండకూడదు.

పనికిరాని వాక్యం: "నిర్లక్ష్యంగా రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేశారు."

పనికొచ్చే వాక్యం: "రాత్రి 10 గంటలకు ఛార్జర్ పెట్టారు. 2 గంటల ప్రాంతంలో పొగ వాసన వచ్చింది. అప్పటికి ఛార్జర్ మీద పచ్చ దీపం వెలుగుతోంది."

రెండో వాక్యంలోని పచ్చ దీపం రేపు ఒక నిపుణుడికి ఎంతో చెబుతుంది. మొదటి వాక్యం అతనికి ఏమీ చెప్పదు. ప్రమాదం చూసినవారు ఎంతమంది ఉంటే అంతమంది చేతా విడివిడిగా రాయించండి. కలిసి కూర్చుని రాస్తే అందరి జ్ఞాపకమూ ఒకటే అయిపోతుంది.

3. వస్తువు మీ చేతికి వచ్చేదాకా ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో గీయండి

డిజైన్ చేసినవారు, విడిభాగాలు చేసినవారు, కూర్చినవారు, తమ బ్రాండ్ ముద్ర వేసుకున్నవారు, దిగుమతిదారు, విక్రేత, ఆన్‌లైన్ వేదిక, బిగించినవారు, మరమ్మతు చేసినవారు, వాడినవారు. ఒక్కొక్కరికి ఒక గడి గీసి, అందులో రెండే ప్రశ్నలకు జవాబు రాయండి: వీరికి ఏమి తెలుసు, వీరి చేతిలో ఏముంది?

ఇక్కడ వినిపించే సాకు "ఆ భాగం మేము చేయలేదు, బయట కొన్నాం". దీనికి మంచి జవాబు శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్. 2016లో అది మార్కెట్లోకి వచ్చిన కొద్ది వారాలకే మంటలు మొదలయ్యాయి. కంపెనీ ఫోన్లను వెనక్కి తీసుకుని, మరో సరఫరాదారు బ్యాటరీ ఉన్నవి ఇచ్చింది. అవీ కాలాయి. అక్టోబరులో తయారీనే ఆపేశారు. 2017 జనవరిలో వెల్లడించిన దర్యాప్తులో రెండు బ్యాటరీల్లోనూ లోపం ఉన్నట్టు, అయితే ఆ లోపాలు వేర్వేరని తేలింది. ఒకదానిలో మూల దగ్గర ఎలక్ట్రోడ్ వంగింది. మరోదానిలో వెల్డింగ్ దగ్గర మిగిలిన లోహపు మొనలు ఇబ్బంది పెట్టాయి. బ్యాటరీ కొలతలు నిర్దేశించిందీ, అమ్మేముందు లోపం పట్టుకోలేకపోయిందీ తామేనని ఫోన్ కంపెనీ ఒప్పుకుంది. భాగం ఎవరు చేసినా దాన్ని ఎంచుకున్నదీ, దానికి ఎంత చోటు ఇవ్వాలో చెప్పిందీ, పరీక్షించి మార్కెట్లోకి వదిలిందీ బ్రాండ్ కంపెనీయే. కొనుగోలుదారు సరఫరాదారుల వెంట తిరగాల్సిన పని లేదు. ఆ లెక్క వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారు.

చట్టాలు కూడా ఈ దారినే పట్టాయి. ఇతరులు చేసిన వస్తువు మీద తన ముద్ర వేసుకున్నవారిని భారత వినియోగదారుల రక్షణ చట్టం, 2019 తయారీదారుగానే లెక్కిస్తుంది. యూరప్‌లో 1985 నాటి ఆదేశం బ్రాండ్ యజమానినీ, యూరప్‌లోకి తెచ్చిన దిగుమతిదారునూ తయారీదారు స్థానంలో నిలబెట్టింది.

విక్రేత సంగతి వేరు. దుకాణదారును ప్రతిదానికీ లాగడం న్యాయం కాదు, పనిచేయదు కూడా. భారత చట్టంలోని 86వ సెక్షన్ ప్రకారం విక్రేతను పట్టుకోగలిగే సందర్భాలు కొన్ని ఉన్నాయి. డిజైన్, పరీక్ష, ప్యాకింగ్ లేదా లేబుల్ మీద అతనికి గట్టి పట్టు ఉండటం, వస్తువును అతనే మార్చడం, సొంతంగా హామీ ఇవ్వడం, కూర్చడంలోనో తనిఖీలోనో తగిన శ్రద్ధ చూపకపోవడం, తయారీదారు ఎవరో తెలియకపోవడం లేదా అతనికి నోటీసు అందించలేకపోవడం అందులో ముఖ్యమైనవి. తయారీదారు ఆచూకీ లేని చవక వస్తువులు కొన్నవారికి చివరిది చాలా అవసరం.

4. లోపం ఏ రకమో గుర్తించండి

మూడు రకాలున్నాయి.

తయారీ లోపం: డిజైన్ బాగుంది, ఈ ఒక్కటి లేదా ఈ బ్యాచ్ దానికి తగ్గట్టు తయారు కాలేదు. గుర్తుపట్టడానికి అదే మోడల్‌కు చెందిన మంచి వస్తువుతో పోల్చండి. తేడా కనిపిస్తే ఇది.

డిజైన్ లోపం: అన్నీ అనుకున్నట్టే తయారయ్యాయి, అనుకున్నదే ప్రమాదకరం. పక్కన పెట్టి పోల్చినా తేడా కనిపించదు. అప్పుడు అడగాల్సిన ప్రశ్న, ఇదే పని చేసే వస్తువును ఇంతకంటే సురక్షితంగా, వాడుకకు ఇబ్బంది లేకుండా, అందుబాటు ఖర్చులో చేయవచ్చా అని. పోటీ కంపెనీల వస్తువులే దీనికి సాక్ష్యం. వోల్టేజీ పరిమితి దాటగానే ఛార్జింగ్ తెంచేసే రక్షణ వలయం ఇతరుల బ్యాటరీల్లో ఉండి ఇందులో లేకపోతే మీ వాదన సగం పూర్తయినట్టే.

హెచ్చరిక లోపం: ప్రమాదం గురించి చెప్పలేదు, లేదా చెప్పాల్సినవారికి అర్థమయ్యేలా చెప్పలేదు.

కొత్త నమూనాను పరీక్షించి "అంతా బాగానే ఉంది" అంటే ఒప్పుకోకండి. టకాటా కంపెనీ కార్ల ఎయిర్‌బ్యాగులను ఉబ్బించడానికి వాడిన అమ్మోనియం నైట్రేట్ అనే రసాయనం ఏళ్ల తరబడి వేడికి, తేమకు దెబ్బతినేది. చివరికి బ్యాగు తెరుచుకునేటప్పుడు లోహపు తొడుగు పగిలి ముక్కలు మనుషుల మీదికి ఎగిరేవి. కారు కొన్న కొత్తలో పరీక్షిస్తే ఆ లోపం కనిపించదు. ఒక్క అమెరికాలోనే సుమారు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లను (బ్యాగును ఉబ్బించే పరికరాలను) వెనక్కి పిలవాల్సి వచ్చింది. కనుక మీ వస్తువు వయసు ఎంత, ఎలాంటి వాతావరణంలో ఉండేది అన్నదీ రాసుకోండి.

5. వాడినవారి పాత్రను నిజాయితీగా చూడండి

అసలు పేచీ ఇక్కడే కాబట్టి నెమ్మదిగా వెళ్దాం. వాడినవారు సూచన పాటించలేదని తేలిందనుకోండి. వెంటనే పుస్తకం మూయకండి. మూడు ప్రశ్నలు అడగండి.

మొదటిది, జనం అలా వాడతారని తయారీదారు ముందే ఊహించగలరా? వేరే ఛార్జర్ పెట్టడం, రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేయడం, సూచనల పుస్తకం చదవకపోవడం ఎవరూ ఊహించని వింతలేమీ కావు. యూరప్ ఆదేశం కూడా వస్తువును ఎలా వాడమన్నారన్నదానితో ఆగలేదు. సహేతుకంగా ఎలాంటి వాడకాన్ని ఆశించవచ్చో చూడమంది. గడ్డి కోసే యంత్రంతో గడ్డి కోసేవాళ్లు వేరు, దాన్ని బల్లకు బిగించి కర్రలు కోసేవాళ్లు వేరు. రెండోది నిజంగానే దుర్వినియోగం, అక్కడ తయారీదారు పక్షాన నిలబడటానికి నాకు అభ్యంతరం లేదు.

రెండోది, ఇదే పొరపాటు ఎంతమంది చేస్తున్నారు? ఒక్కరు చేస్తే అది ఆ మనిషి గురించి చెబుతుంది. వందలమంది ఒకే పొరపాటు ఒకేలా చేస్తుంటే అది వస్తువు గురించి చెబుతుంది.

మూడోది, ఆ పొరపాటు జరిగినా గాయం కాకుండా వస్తువును చేయవచ్చా?

ఈ మూడో ప్రశ్నకు నాకు బాగా నచ్చిన జవాబు పాత ఫ్రిజ్‌ల కథలో ఉంది. ఒకప్పుడు ఫ్రిజ్ తలుపుకు బయటి వైపే గొళ్లెం ఉండేది. పారేసిన ఫ్రిజ్‌లలో ఆడుకుంటూ దూరిన పిల్లలు బయటకు రాలేక, ఊపిరాడక చనిపోయేవారు. తప్పు ఎవరిదని అడిగితే జనం వేలు చూపేది ఫ్రిజ్‌ను ఆరుబయట పారేసినవారి వైపో, పిల్లల్ని చూసుకోని తల్లిదండ్రుల వైపో. ఆ మాట అబద్ధం కాదు. కానీ ఎన్ని హెచ్చరికలు చేసినా పిల్లలు దాక్కోవడం మానరు. 1956లో అమెరికా చట్టం తయారీదారుల వైపు తిరిగింది: తలుపు లోపలి నుంచి తెరుచుకోవాలి. గొళ్లేల స్థానంలో అయస్కాంత పట్టీలు వచ్చాయి. ఈ రోజు మీ ఇంట్లో ఫ్రిజ్ తలుపు నెడితే తెరుచుకుంటుందంటే వెనుక ఆ నిర్ణయం ఉంది. గడ్డి కోసే యంత్రాల విషయంలోనూ ఇంతే. హ్యాండిల్ మీది నుంచి చేయి తీస్తే 3 సెకన్లలో బ్లేడు ఆగాలన్న అమెరికా ప్రమాణం 1982లో అమల్లోకి వచ్చింది. "బ్లేడు తిరుగుతుండగా చేయి పెట్టకండి" అన్న స్టిక్కర్ అంతకుముందూ అతికించగలిగేదే.

పసిపిల్లల పడకల అనుభవం ఇంకా చేదు. ఫిషర్‌-ప్రైస్ రాక్ ఎన్ ప్లే అనే వాలుగా ఉండే పడకలో పిల్లలు బోర్లాపడి చనిపోయిన ఘటనలపై 2019 ఏప్రిల్‌లో మొదట వచ్చింది తల్లిదండ్రులకు హెచ్చరిక మాత్రమే: పిల్లలు బోర్లా పడటం మొదలుపెట్టాక వాడొద్దని, మూడు నెలలు వచ్చాక వాడొద్దని. కొద్ది రోజులకే సుమారు 47 లక్షల పడకలను వెనక్కి పిలిచారు. 2022లో అలాంటి వాలు పడకలనే అమెరికా చట్టం నిషేధించింది. పట్టీ కట్టలేదని తల్లిని నిందించడంతో ఆగి ఉంటే ఆ పడకలు ఇంకా అమ్ముడయ్యేవి.

"అలా జరగడం అసాధ్యం" అని కంపెనీ అన్నప్పుడు వాడినవారి జ్ఞాపకాన్ని గౌరవించండి. థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం 1985-87 మధ్య ఆరుగురికి భారీ మోతాదు ఇచ్చింది. అలా ఇవ్వడం కుదరదని తయారీదారు వాదించాడు. టెక్సాస్‌లోని ఒక ఆసుపత్రిలో భౌతిక శాస్త్రవేత్త, యంత్రం నడిపిన ఆపరేటర్ కలిసి ప్రయత్నిస్తే, వివరాలు వేగంగా టైప్ చేసి సవరించినప్పుడు ఆ లోపం తిరిగి కనిపించింది. పాత మోడల్‌లో ఉన్న భౌతిక రక్షణ తాళాలను తీసేసి ఆ భారమంతా సాఫ్ట్‌వేర్ మీద వేశారు. ఆపరేటర్ చేసిన "తప్పు" పనిలో చురుకుదనం, అంతే.

హెచ్చరిక: మంట, విద్యుత్, రసాయనాలతో కూడిన ప్రమాదాన్ని ఇంట్లో మళ్లీ చేసి చూడకండి. అది ప్రయోగశాల పని.

6. హెచ్చరికను తూకం వేయండి

భద్రతా ఇంజినీర్లు పాటించే వరుస ఒకటుంది: ముందు ప్రమాదాన్ని డిజైన్‌లోనే తీసేయాలి, కుదరకపోతే అడ్డుగా రక్షణ పెట్టాలి, అప్పటికీ మిగిలినదాని గురించి హెచ్చరించాలి. యంత్రాల భద్రతకు వాడే ఐఎస్ఓ 12100 ప్రమాణంలోనూ ఇదే క్రమం. కనుక హెచ్చరిక ఉందా లేదా అని మాత్రమే చూడకండి. పై రెండు మెట్లూ ఎక్కగలిగీ కిందనే ఆగిపోయారా అన్నది చూడండి.

హెచ్చరికను మీరే పరీక్షించవచ్చు. వస్తువు గురించి తెలియని ఒకరికి పెట్టె ఇచ్చి, ప్రమాదం గురించిన వాక్యం వెతకమనండి. అది వస్తువు మీద ఉందా, పుస్తకం లోపల ఉందా? వాడేవారికి తెలిసిన భాషలో ఉందా? ఏం చేయకూడదో చెప్పి వదిలేసిందా, చేస్తే ఏమవుతుందో కూడా చెప్పిందా? "జాగ్రత్తగా వాడండి" అన్నది హెచ్చరిక కాదు. ఎదుటివైపు న్యాయం కూడా చూడండి: కత్తి తెగుతుందని రాయలేదని దావా వేస్తే నిలవదు. అందరికీ తెలిసిన ప్రమాదం గురించి హెచ్చరించనందుకు తయారీదారును బాధ్యుణ్ని చేయకూడదని భారత చట్టం 87వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది.

7. ఎవరికి ఎప్పుడు తెలిసిందో వెతకండి

పాత ఫిర్యాదులు బాధ్యతను ఒక్కసారిగా బరువెక్కిస్తాయి. వెతకాల్సిన చోట్లు: పలు దేశాల ఆర్థిక సంస్థ ఓఈసీడీ నడిపే గ్లోబల్ రీకాల్స్ పోర్టల్, యూరప్ సేఫ్టీ గేట్, అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం వెబ్‌సైట్, కొనుగోలుదారుల సమీక్షలు. మీ దేశంలో ఒక్క ఫిర్యాదూ కనిపించకపోయినా అదే మోడల్‌ను వేరే దేశంలో వెనక్కి పిలిచి ఉండవచ్చు. వస్తువు వేరే పేరుతో అమ్ముడవుతుంటే మోడల్ సంఖ్యతో వెతకండి.

అమెరికాలో వినియోగ వస్తువులో పెద్ద ప్రమాదం ఉందని సూచించే సమాచారం అందితే 24 గంటల్లో, వాహనాల్లో భద్రతా లోపం ఉందని తేలితే 5 పనిదినాల్లో కంపెనీ నియంత్రణ సంస్థకు చెప్పాలి. కనుక "మాకు తెలియదు" అన్న మాట వెంటనే "ఎప్పటిదాకా తెలియదు?" అన్న ప్రశ్న రావాలి.

జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ వ్యవహారం ఇందుకు పాఠం. కారు నడుస్తుండగానే తాళం తిప్పే ఆ స్విచ్ జారి ఇంజిన్ ఆగేది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కాదు. చాలా ప్రమాదాల్లో మొదట అనుమానం డ్రైవర్ల మీదికే వెళ్లింది. స్విచ్‌ను కంపెనీ తర్వాత మార్చింది, కానీ భాగం సంఖ్య మార్చలేదు. దాంతో పాత, కొత్త స్విచ్‌లకు తేడా కాగితాల మీద కనిపించలేదు. 2014లో వెనక్కి పిలిచే దాకా ఏళ్లు గడిచాయి. కంపెనీ ఏర్పాటు చేసిన పరిహార నిధి చివరికి 124 మరణాలను అంగీకరించింది. మీ మోడల్‌కు తర్వాత వచ్చిన వస్తువులో ఏదైనా భాగం చడీచప్పుడు లేకుండా మారిందేమో చూడండి. రెంటినీ పక్కపక్కన పెట్టి ఫొటో తీయండి.

8. వాటాలు వేయండి, తర్వాత తలుపు ఎంచుకోండి

తప్పు ఒక్కరి దగ్గరే ఉండాలన్న నియమం లేదు. అమెరికాలోని న్యూమెక్సికోలో వేడి కాఫీ ఒలికి తీవ్రంగా కాలిన ఒక వృద్ధురాలి కేసును ఇప్పటికీ జోక్‌గా చెబుతారు. 1994లో ఆ జ్యూరీ నిజానికి చేసింది ఓపికైన లెక్క: కాఫీ అమ్మిన సంస్థకు 80 శాతం, ఆమెకు 20 శాతం. ఆ తూకంలో బరువు తూగినవాటిలో సంస్థకు అంతకుముందే అందిన కాలిన గాయాల ఫిర్యాదులు 700కు పైగా ఉన్నాయి. మీరూ ఇలాగే శాతాలు వేసుకోండి. మీకు సున్నా వేసుకోకండి, అలా వేసినవారి కాగితాన్ని ఎవరూ నమ్మరు.

తర్వాత ఏ తలుపు తట్టాలో చూడండి. పరిహారం కావాలంటే వినియోగదారుల కమిషన్ లేదా కోర్టు. భారత చట్టంలో తయారీ లోపం, డిజైన్ లోపం, నిర్దేశాలకు తగ్గట్టు లేకపోవడం, ఇచ్చిన హామీకి తగ్గట్టు లేకపోవడం, సరైన సూచనలు, హెచ్చరికలు లేకపోవడం అనే కారణాలతో 84వ సెక్షన్ కింద తయారీదారును అడగవచ్చు. హామీ ఇచ్చిన విషయంలో తాను అజాగ్రత్తగా లేనని నిరూపించుకున్నా బాధ్యత తప్పదు. ఫిర్యాదుకు గడువు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లు. ఒక చిక్కు గమనించండి: వస్తువు తనకు తాను పాడైపోతే అది చట్టంలో వస్తువు వల్ల కలిగే హానికి సంబంధించిన ఈ అధ్యాయం కింద నష్టం కాదు. అది మనిషిని గాయపరచాలి లేదా వేరే ఆస్తిని దెబ్బతీయాలి. కేవలం పాడైన వస్తువుకు వారంటీ, లోపభూయిష్ట వస్తువు ఫిర్యాదు వేరే దారులు.

ఇతరులకు ఇలా జరగకుండా ఆగాలంటే నియంత్రణ సంస్థ. భారత్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ప్రమాదకర వస్తువులను వెనక్కి పిలిపించే అధికారం ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ సంఖ్య 1915. గాయం కాకుండా తృటిలో తప్పినా ఈ ఫిర్యాదు ఇవ్వండి. పరిహారం కోరనివారి ఫిర్యాదే రేపు మరొకరి కేసులో "కంపెనీకి ముందే తెలుసు" అనడానికి ఆధారమవుతుంది.

తరచూ జరిగే పొరపాట్లు

- చివరి చేయిని పట్టుకోవడం. ప్రమాదానికి ఒక నిమిషం ముందు వస్తువును తాకినవారే దొరుకుతారు, కాబట్టి వారే దోషి అనిపిస్తుంది.
- "ప్రమాణం ముద్ర ఉంది కాబట్టి సురక్షితం" అనుకోవడం. ప్రమాణాలు కనీస హద్దు మాత్రమే. ముద్ర నకిలీదా కాదా కూడా సరిచూడండి.
- పరిహారం తీసుకునేటప్పుడు "ఈ విషయం ఎవరికీ చెప్పం" అన్న షరతును చదవకుండా సంతకం పెట్టడం.
- మరమ్మతు దాచిపెట్టడం. బయటపడుతుంది. బయటపడ్డాక మిగతా నిజాలూ అబద్ధాల్లా కనిపిస్తాయి. మరమ్మతు ఉన్నా అది ప్రమాదానికి కారణమో కాదో విడిగా తేల్చాల్సిందే.
- కంపెనీ మీద కోపంతో పరిశీలనకు ముందే సోషల్ మీడియాలో తీర్పు ఇవ్వడం. పరువు నష్టం దావా వచ్చి అసలు పని పక్కకు పోతుంది.

మీ నిర్ణయం సరైనదో కాదో ఎలా చూసుకోవాలి?

మనిషిని మార్చి చూడండి. వాడినవారి స్థానంలో మామూలు శ్రద్ధ ఉన్న వేరొకరిని ఊహించుకోండి. అప్పుడూ ప్రమాదం జరిగేదే అనిపిస్తే, మనిషిని కారణంగా రాసిన వాక్యం కొట్టేయండి.

పరిష్కారం రాసి చూడండి. మీ కాగితం చివర "రేపటి నుంచి ఏం మారాలి" అని ఒక వాక్యం రాయండి. జవాబు "అందరూ జాగ్రత్తగా ఉండాలి" అయితే పని పూర్తి కాలేదు, నాలుగో దశకు వెళ్లండి. "ఛార్జర్ ప్లగ్గు వేరే బ్యాటరీలో దూరకుండా ఆకారం మార్చాలి" అయితే మీరు దారిలో ఉన్నారు.

ఎదుటిపక్షం లాయరుగా రాయండి. కంపెనీ తరఫున మీ మీద బలమైన పేరా ఒకటి రాసి, దానికి జవాబు మీ పత్రాల్లో ఎక్కడుందో గుర్తు పెట్టండి. జవాబు లేని చోట ఖాళీ ఉంది. దాన్ని పరీక్షతోనో, పత్రంతోనో నింపాలి. కోపంతో నింపకూడదు.

చివరగా, అదే సామగ్రిని మీ నిర్ణయం చెప్పకుండా మరొకరికి ఇవ్వండి. వారి వాటాలకూ మీ వాటాలకూ పెద్ద తేడా వస్తే ఏ పత్రం దగ్గర విడిపోయారో చూడండి. మీ ఉత్తరంలో ఆ పత్రం గురించే ఎక్కువ రాయాలి.

ఉత్తరం ఒక్క పేజీ దాటనివ్వకండి: ఏం జరిగింది, వస్తువు వివరాలు, లోపం ఏ రకమని అనుకుంటున్నారు, ఆధారం, ఏం కోరుతున్నారు, ఎప్పటిలోగా. ప్రతులు తయారీదారుకు, విక్రేతకు, నియంత్రణ సంస్థకు ఒకేరోజు పంపండి, చేరినట్టు రుజువు ఉంచుకోండి. నియంత్రణ సంస్థ ఇచ్చే ఫిర్యాదు సంఖ్యను మీ ప్రతి మీద పైన రాసిపెట్టుకోండి. ఆ తర్వాత కంపెనీకి రాసే ప్రతి ఉత్తరంలోనూ ఆ సంఖ్య వేయండి.